తొలి మేకు మహాసంగ్రామం

ఏ నగరమందు వీధులు ఒకదానినొకటి ఖండించుకొనుచు మలుపు మలుపునకు మనసు మార్చుకొనునో, ఏ నగరమందు సూర్యభగవానుడు మేడలపై బంగారమును, మెట్లపై ఇత్తడిని, అద్దె గదులపై మాత్రము మొహమాటమును కురిపించునో, ఆ నగరమందు, మధ్యాహ్నమునకు ఇంకా కాస్త ఎడముండగా, ఒకానొక సందు మొగదల, రెండే గదులు గలదయ్యు రాజప్రాసాదమునకు రవ్వంతయు తీసిపోని సరికొత్త గృహమున, కుట్టుమిషను చక్రము రథచక్రమువలె ఘూర్ణిల్లుచుండగా, జీర్ణకాలరుపునరుద్ధరణధురీణ, వివిధవర్ణసూత్రధారిణి, సూదిబెజ్జమున గాలిని సైతము దూర్చగల వీరాగ్రణి యగు దర్జీ ఆసీనురాలై యుండెను. ఆమె చేతిలో దారము, మాటలో ఆధారము.

ఆ గృహము ఆమెది. ఆమె వేసిన కుట్లును, ఆమె పెనిమిటి ఎక్కించి దింపిన జనమును కలిసి కట్టిన ఇల్లది. పెనిమిటి లిఫ్టు ఆపరేటరు. రోజుకు ఎన్నిసార్లు పైకి వచ్చునో అన్నిసార్లును కిందికి వచ్చు నిగర్వి.

ఈ దంపతులు అద్దె గదులలో గడిపిన వనవాసమును కొంత చెప్పక తప్పదు. ఇల్లు మారిరి, వీధి మారిరి, యజమానులు మారిరి. ఆజ్ఞ మాత్రము మారలేదు. “గోడలకి మేకులు కొట్టకూడదు.” కొట్టనూ లేదు. తత్ఫలితముగా గోడగడియారము బీరువా నెత్తిన వెల్లకిలా పడుకొని కప్పునకు కాలము చెప్పుచుండెను. నిలువుటద్దము నేలపై చేరగిలబడి యుండుటచే ఆ ఇంటిల్లిపాదికిని తమ మోకాళ్ళతో గల పరిచయము ముఖములతో లేకపోయెను. చొక్కాలు తలుపు గొళ్ళేనికి వేలాడుచు, తలుపు తీసినవాని మెడ కౌగిలించుకొనెడివి.

కనుక సొంత ఇంట కాలు మోపిన నాడు దర్జీ ఒక్క కోరిక కోరెను. మణులు కాదు, మాన్యాలు కాదు. తన గోడకు, తన చేతితో, తొలి మేకు తాను కొట్టవలె. ఎక్కడ కొట్టవలెనో ఇంకను తేలలేదు. సాయంకాలములందు గోడ గోడకును తిరిగి, అరచేతితో నిమిరి, “ఇక్కడా? ఊహూఁ,” అనుకొని మరునాటికి వాయిదా వేయుటలో ఆమె పొందు ఆనందము, మేకులు విచ్చలవిడిగా కొట్టుకొను శ్రీమంతులకు ఏమి తెలియును?

అట్టి శుభవేళ గోడ దద్దరిల్లెను.

ఢాం. మరల ఢాం. గోడ లోపలివైపు నుండి అరచేతియంత సున్నపు పెచ్చు రాలి, ఆమె కుట్టుచున్న కాలరుపై పడెను. కత్తెర చేతనే యుండగా, మణికట్టున గుండుసూదుల దిండు కంకణమువలె మెరయగా, టేపు మెడను ఉత్తరీయమై ఎగురగా, దర్జీ వీధిలోకి దుమికెను.

అచట మున్సిపాలిటీ బండి నిలిచి యుండెను. “ఇచ్చట వాహనములు నిలుపరాదు” అను బోర్డును మోసుకొచ్చిన ఆ వాహనము సరిగా అచ్చటనే నిలిచి యుండెను. బోర్డును వీపున ఆనించుకొని, సగము దిగిన మేకుపై మూడవ దెబ్బకు చెయ్యెత్తి యున్నవాడు ‘సుత్తి’ అను బిరుదాంకితుడు. చేతిలో సుత్తియే గాని నోట సుత్తి లేని మౌని. ఆ లోటును ప్రక్కనే నిలిచిన సూపర్వైజరు పుష్కలముగా పూడ్చుచుండెను.

“ఆపండన్నా,” అన్నది దర్జీ. సుత్తి గాలిలోనే ఆగెను.

“అబలా! సకలవీథీసార్వభౌమమై, దీపస్తంభసహస్రకిరీటమై, మురుగుకాలువల పర్యంతము విస్తరించిన ప్రభుత్వము మోపిన మేకును అడ్డగించు సాహసము నీకెక్కడిది?” అని సూపర్వైజరు గర్జింపవలసిన ఘట్టమిది. ఆయన గర్జించినది మాత్రము ఇంతే.

“గోడకే కదమ్మా కొట్టాం. మీకేం కొట్టలేదుగా.”

“గోడ నాది సార్.”

“మీదే, ఎవరు కాదన్నారు? బయటివైపు వీధిలోకి ఉంది కదాని.”

“బయటివైపు మీకిచ్చేస్తే లోపలివైపు దేన్ని పట్టుకుని నిలబడుతుందండీ?”

సూపర్వైజరు తన అమ్ములపొదిలోని మహాస్త్రమును తీసెను. “అమ్మా, ఇది ప్రజల కోసం.”

“ప్రజల్లో నేను లేనా?”

“ఉన్నారమ్మా. అందరితో పాటు మీరూ.”

“మరి అందరితో పాటు నన్ను కూడా ఓ మాట అడగాలి కదా?”

అంతట కిటికీ రెక్కలు రెండును కోటతలుపులవలె తెరచుకొనెను. అందుండి అత్తగారి ముఖమండలము ఉదయించెను. “పక్కింటావిడ చెంచాడు పంచదార కావాలన్నా తలుపు కొట్టి అడుగుతుంది నాయనా. మీరేంటి, తలుపు కొట్టాల్సింది పోయి గోడ కొట్టారు?”

శత్రుశిబిరము కలవరపడెను. మిత్రశిబిరము కూడ కొంత కలవరపడెను. ఏలయన లిఫ్టు ఆపరేటరు సగము గడ్డము గీసుకొని, మిగతా సగము నురుగుతో గడపలోనికి వచ్చి నిలిచెను. జీవితమంతయు ఎవరు ఏ అంతస్తు చెప్పిన ఆ అంతస్తున ఆపినవాడు కదా, రాజీ అతని రక్తములో నున్నది.

“పోనీలేవే, ఎటూ సగం దిగిపోయింది.”

“దిగింది మీ లిఫ్టు కాదండీ, మన ఇంట్లో మొదటి మేకు.”

“ఎవరు కొడితే ఏముందే? మేకు మేకే.”

“మరి మీ గడ్డం మిగతా సగం సూపర్వైజరు గారు గీస్తే ఏముంది?” అన్నారు కిటికీలోనుండి అత్తగారు. పుత్రుడు నురుగును తడుముకొనెను.

సూపర్వైజరు దుష్టుడు కాడు. ఎండ మండుచున్నది, బండిలో ఇంకను బోర్డులున్నవి, ఏ గోడయు ఇంతవరకు ఆయనతో వాదించి యుండలేదు. “అమ్మా, ఒక్క మేకుకి ఇంత రాద్ధాంతమా? ఊరంతా కొట్టుకుంటూ వస్తున్నాం, ఎవ్వరూ ఏమీ అనలేదు,” అని వెనుకకు తిరిగి, “కానీవయ్యా,” అని సుత్తికి ఆనతిచ్చెను.

ఆ వెనుకకు తిరుగుటయే చరిత్రను మార్చెను.

దర్జీ కిటికీ దరి చేరెను. కిటికీ చువ్వకు కట్టుకొన్న గుడ్డపేలిక నొకదానిని ఊడదీసెను. దానిపై ఆమె స్వయముగా ఎర్రదారముతో “ఇచ్చట కాలర్లు తిప్పి కుట్టబడును” అని కుట్టిన అక్షరములు గలవు. మణికట్టు నుండి రెండు గుండుసూదులను సర్రున లాగి, చర్మమునకు గోరంతయు తగులకుండ, వస్త్రమునకు మాత్రమే తగులునట్లు, ఆ ప్రకటనను ప్రభుత్వమువారి వెన్నున గుచ్చెను. ఎందరి చొక్కాలను వారు తొడుగుకొని యుండగనే సరిచేసిన చెయ్యి అది! ఈగ వాలినంత అలికిడి లేదు. సుత్తి చూచెను. చూచి, దెబ్బ వేయుట మరచెను.

“ఏంటయ్యా ఆగావు?” అనుచు సూపర్వైజరు వీపు తడుముకొనెను. చేతికి గుడ్డ తగిలెను. “ఏంటమ్మా ఇది?”

“బోర్డు సార్.”

“నా చొక్కాకా?”

“మీకేం గుచ్చలేదుగా. చొక్కాకే. వెనకవైపు ఎలాగూ వీధిలోకే ఉంటుంది. మీరు ఊరంతా తిరుగుతారు, ప్రజలకు పనికొస్తుందని.”

“ప్రజలకు పనికొస్తే మాత్రం? నా చొక్కా ఇది. నన్నొక మాట అడగొద్దూ?”

మాట నోటినుండి వెలువడి, ఎదుటి గోడకు తగిలి, తిరిగి వచ్చి ఆయన చెవినే చేరెను. చేరిన తరువాత అర్థమయ్యెను. అర్థమైన తరువాత ముఖమున క్రమముగా ఒక చిరునగవు, దానికి అడ్డుపడవలెనని హోదా ఎంత పెనుగులాడినను, మీసము క్రింద ఉదయించెను. మౌనవ్రతుడగు సుత్తి ఆ దినమున మొట్టమొదటిసారి నోరు విప్పెను.

“పీకేయమంటారా సార్?”

“ఏది? పిన్నా, మేకా?”

“రెండూ.”

సూపర్వైజరు నిట్టూర్చెను. “పీకు.”

కిర్రుమని ఆర్తనాదము చేయుచు సర్కారు మేకు గోడ నుండి వెడలివచ్చెను. పిన్నులు దిండు చేరెను. ఆయన చొక్కా సరిచేసుకొని, వీధి అంచున రెండు పాదములు జోడించి నిలిచెను. రోడ్డు ఆయనది, దీపము ఆయనది, కాలువ ఆయనది. సున్నము మొదలైన చోట ఆయన అయిపోయెను. అట నిలిచి, “అమ్మా, మీ గోడకి ఈ బోర్డు తగిలించుకోవచ్చా?” అని అడిగెను.

దర్జీకి ఆ ప్రశ్న ఎంత మధురముగా నుండెననగా, జవాబు చెప్పి దానిని ముగించుటకు మనసొప్పలేదు. కొంతసేపు గోడను చూచెను. ఆయనను చూచెను.

“తగిలించుకోండి. కానీ ముందు నాది, తర్వాత మీది.”

“అదేంటే, ఇందాక దిగిన మేకు లెక్కలోకి రాదా?” అన్నాడు పెనిమిటి.

“విప్పేసిన కుట్టు కుట్టు కాదండీ,” అని తీర్పు చెప్పి ఆమె సుత్తి వైపు తిరిగెను. “అన్నా, మీ సుత్తి ఒకసారి తీసుకోవచ్చా?”

“గవర్నమెంటు సుత్తి అమ్మా,” అని నసుగుచు అతడు పైవారిని చూచెను.

“అడిగింది కదయ్యా,” అనెను సూపర్వైజరు. “ఇవ్వు.”

పిమ్మట ఆ వీరవనిత గృహాంతర్భాగమును ప్రవేశించెను. వెలుపల ప్రభుత్వము ఎండలో వేచి యుండెను. ఇన్ని సాయంకాలములు తేలని చోటు ఆ క్షణమున తానే తేలెను: ఎదుటి గోడ, కిటికీ వెలుగు పడుచోట. టక్. టక్. బొటనవేలిపై ఒకటి, దానిని చరిత్ర లెక్కింపదు. టక్. గోడ తలయొగ్గెను. మేకు మాత్రము తల వంచెను.

“వంగిపోయిందే,” అన్నాడు పెనిమిటి మెల్లగా. “తీసి ఇంకోటి కొట్టు.”

“వంగనీండి. మన గోడ, మన మేకు, మన వంకర.”

“దానికేం తగిలిస్తావమ్మాయ్?” అన్నారు అత్తగారు.

“ఏమీ వద్దత్తయ్యా. కొన్నాళ్ళు ఊరికే చూసుకుంటా.”

ముగ్గురును దానిని చూచుచు నిలిచిరి. వెలుపలి నుండి “అమ్మా, ఇక కొట్టుకోమంటారా?” అని వినయముగా వినబడెను. ఆమె సుత్తిని అప్పగించి తల ఊపెను. మూడు దెబ్బలకు సర్కారు మేకు నిటారుగా, నిక్కచ్చిగా, తన పాత రంధ్రముననే దిగెను.

కావున ఓ దిక్కులారా, వినుడు! ఓ దీపస్తంభములారా, వినుడు! ప్రజాధనముతో కొనబడి, ప్రజాసేవకునిచే కొట్టబడి, ప్రజాహితార్థము బోర్డును ధరించిన ఆ ఋజుకీలము, ఆ ఇంట రెండవది.