తాతారావు మొక్కని మొక్కు

సోమవారం పొద్దున్నే లేచి నడవాలని తాతారావు గట్టిగా అనుకున్నాడు. నిజానికి అనుకున్నది ఆయన కాదు, బందరు డాక్టరు. షుగరు రిపోర్టు చూసి, "రోజూ గంట నడవండి. ఒక్కరే నడవండి. నడిచేటప్పుడు మాత్రం నోరు విప్పకండి. మీ ఆయాసం సగం మాటల వల్లే వస్తోంది," అన్నాడు. చూసిన పావుగంటలో డాక్టరు ఆ సంగతి ఎలా కనిపెట్టాడంటే, ఆ పావుగంటా తాతారావు ఆయనకి గుర్రపుడెక్క గురించే చెప్పాడు.

నడవడానికి దారి మాత్రం తాతారావే వేసుకున్నాడు. తమ ఊరు చెరువుపేట మంచినీళ్ళ చెరువు దగ్గర బయల్దేరి, పంటకాలవ గట్టు మీదుగా కొండవారిపాలెం దాకా వెళ్ళి, తిరిగి చెరువు దగ్గరికి రావాలి. దివిసీమలో కొండేమిటని ఎవరికైనా అనుమానం రావచ్చు. అక్కడ బంతిని నేలమీద పెడితే పెట్టినచోటే ఉంటుంది. అందుకే నేల కాస్త పైకి లేచినచోటల్లా జనం ముచ్చటపడి కొండ అనుకుంటారు. కొండవారిపాలెం ఎప్పుడో ఎవరో మట్టి పోసిన దిబ్బ. దాని నెత్తిన కొన్ని ఇళ్ళు, ఒక గంగమ్మ గుడి, ఏడుకొండలు టీకొట్టు ఉన్నాయి. ఎత్తు తాటిచెట్టులో సగం ఉండదు. అయినా తుఫాను వస్తే చుట్టుపక్కల అందరూ పరిగెత్తేది అక్కడికే కాబట్టి, ఆ పేరుని చూసి ఎవరూ నవ్వరు.

ఇక గుర్రపుడెక్క సంగతి. దిబ్బకీ చెరువుకీ మధ్య పంటకాలవలో ఆ నీటికలుపు చాప పరిచినట్టు అల్లుకుపోయింది. దాని కింద మోకాటిలోతు పూడిక. వరసగా రెండో ఏడు కూడా వానలు మొహం చాటేశాయి. జూలై వెళ్ళిపోతున్నా కాలవలకి నీళ్ళు వదల్లేదు. ఎప్పుడు వదిలినా అవి ఆ డెక్కని దాటి చెరువుపేటకి రావని తాతారావుకి తెలుసు. ఆయన మూడెకరాలూ కాలవ శివారున ఉన్నాయి. కిందటేడు పోసిన నారు కళ్ళముందే ఎండిపోతే పశువుల్ని తోలాడు. ఈ ఏడు కూడా పంట పోతే ఆ నేలని చేపల చెరువుకి ఇచ్చెయ్యడం తప్ప దారి లేదు. ఇమ్మని బసవపున్నయ్య అప్పుడే రెండుసార్లు అడిగాడు.

బసవపున్నయ్య నీటి సంఘం అధ్యక్షుడు. ఆయన పొలాలు దిబ్బకి ఎగువన ఉన్నాయి కాబట్టి సంఘం మీద ఆయనకి నమ్మకం ఎక్కువ.

"ఆదివారం ఒక్క పూట బావా. ఇంటికో మనిషి, మనిషికో పార. మధ్యాహ్నానికల్లా కాలవ బాగుపడిపోతుంది," అని తాతారావు ఆయన్ని బతిమాలాడు.

"మనం చేసుకుంటే ప్రభుత్వం చెయ్యదు బావా. దానికి అలవాటైపోతుంది," అన్నాడు బసవపున్నయ్య.

తాతారావు ఇంటింటికీ తిరిగి అడిగాడు. ఏడుకొండలు పారని బావమరిది పట్టుకుపోయాడట. ఒకరి పారకి పిడి ఊడిందట. ఇంకొకరిది ఎక్కడ పెట్టారో గుర్తు లేదట. ఆ నెలలో రెండు ఊళ్ళలో కలిపి పనికొచ్చే పార ఒక్కటీ ఉన్నట్టు లేదు. ఆదివారం తాతారావు తన పార పుచ్చుకుని గట్టు మీద ఎండ నెత్తికెక్కేదాకా కూర్చుని ఇంటికొచ్చేశాడు. ఆ మర్నాడే నడక.

కొత్త కాన్వాసు బూట్లు వేసుకుని చెరువు మెట్లు దిగి మొహం కడుక్కోబోయాడు. పాచి మీద కాలు జారింది. గొంతుదాకా మునిగి లేచేసరికి ఒక బూటు బురదలో ఉండిపోయింది. ఒంటి బూటుతో ఏం నడుస్తాడు? రెండోది కూడా విప్పి గట్టు మీద పడేశాడు. ఇంటికి వెళ్తే భార్య ప్రభావతి నవ్వుతుంది. నడిస్తే బట్టలు వాటంతటవే ఆరతాయి. అలా ఒళ్ళంతా నీళ్ళు కారుతూ, చెప్పుల్లేని కాళ్ళతో కాలవ గట్టెక్కాడు.

చేపల తట్టతో సత్యవతమ్మ ఎదురొచ్చింది. "ఏంటి బాబుగారూ, పొద్దున్నే తడిబట్టలతో?" అంది. తాతారావు డాక్టరు మాట గుర్తొచ్చి పెదాల మీద వేలు పెట్టుకుని ముందుకి సాగిపోయాడు. సత్యవతమ్మ తట్ట దించి చేతులు జోడించింది.

దిబ్బ చేరాక దారి గుడి చుట్టూ తిరిగి పోతుంది కాబట్టి తిరిగాడు. ఆయాసం వచ్చి గుడి స్తంభం పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఏడుకొండలు "బాబాయ్, టీ తాగుతారా?" అని అరిస్తే తల అడ్డంగా ఊపాడు. వచ్చిన దారిన పోతే సత్యవతమ్మ మళ్ళీ పలకరిస్తుందని భయపడి, మురుగుకాలవ గట్టు పట్టుకుని చెరువు దగ్గరికి చేరాడు.

కొండవారిపాలెం గంగమ్మకి మొక్కుకునే పద్ధతి ఒకటుంది. చెరువులో మునిగి, తడిబట్టలతో, ఉత్త కాళ్ళతో, నోరు మెదపకుండా వెళ్ళి దిబ్బ మీది గుడి చుట్టూ తిరగాలి. వచ్చిన దారిన కాకుండా వేరే దారిన చెరువుకి చేరాలి. నీళ్ళ కోసం మొక్కే మొక్కది. పైగా ఎందుకు తిరుగుతున్నదీ నోటితో చెప్పకూడదు, చెబితే ఫలించదు. చాలా ఏళ్ళుగా ఎవరూ దాని జోలికి పోలేదు. తాతారావుకి ఆ పద్ధతి తెలియక కాదు. కానీ బురదలో బూటు పోగొట్టుకున్న మనిషికి ఆ వేళప్పుడు గంగమ్మ ఎక్కడ గుర్తొస్తుంది?

సాయంత్రానికి తాతారావు మొక్కు సంగతి ఊరంతా పాకిపోయింది. ప్రభావతి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "ఏవండీ, ఇంత మొక్కు మొక్కి నాతో ఒక్క మాటైనా అనలేదేం?" అంది.

"మొక్కేంటే? షుగరుకి నడిచాను."

"అలాగే అనండి. ఎవరడిగినా షుగరనే చెప్పండి."

"చెప్పడమేంటి, నిజంగా షుగరే! మెట్ల మీద జారి పడ్డాను. బూటు కూడా పోయింది."

"పోలేదండీ, అమ్మే లాగేసుకుంది," అని ప్రభావతి తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు హవాయి చెప్పులు వేసుకుందామంటే కనిపించలేదు. చెరువు దగ్గర నలుగురు ఆడవాళ్ళు బిందెలతో సిద్ధంగా ఉన్నారు. ఆయన వారించేలోపే నెత్తిమీద దిమ్మరించారు. తాతారావు తుమ్ముకుంటూ నడిచాడు. వెనక వాళ్ళూ నడిచారు. ఆ మర్నాడు వాళ్ళ మొగుళ్ళొచ్చారు. వారం తిరిగేసరికి గట్టు మీద బారు తీరిన జనంలో మొదటివాడు దిబ్బ దగ్గరుంటే చివరివాడు ఇంకా చెరువు దగ్గరే ఉన్నాడు. రచ్చబండ దగ్గర నిలబడి తాతారావు, "నాకే మొక్కూ లేదు మహాప్రభో," అని రెండు చేతులెత్తి చెప్పాడు. "ఎంత నిగ్రహమండీ!" అని పెద్దలు ఆశ్చర్యపోయారు.

ఏడుకొండలు టీకొట్టుకి కొత్త పందిరి వేశాడు. దానికి గోతులు తవ్వడానికి పార దొరికింది. బసవపున్నయ్య మైకు కట్టిన ఆటోతో దిగి, తాతారావు మెళ్ళో దండేసి, చెప్పులతో, గొడుగుతో అందరికంటే ముందు నడిచాడు. ముందు నడిచేవాడికి నియమాలు వర్తించవని ఆయనే తేల్చాడు. "మా సంఘం ఆధ్వర్యంలో..." అని మైకులో మొదలుపెడితే దిబ్బ వచ్చేదాకా ఆపేవాడు కాదు. ఒంటరిగా నడవమన్న డాక్టరు మాట అలా గాల్లో కలిసిపోయింది. మౌనం మాత్రం మిగిలింది, అదీ ఒక్క తాతారావుకే.

ఇదంతా ఆయన భరించాడు. భరించలేనిది ఒక్కటే. ఆ ఊరేగింపు రోజూ డెక్క పక్కనుంచే పోయేది. పార లేదన్నవాడు, నడుం నొప్పన్నవాడు, ప్రభుత్వానికి అలవాటైపోతుందన్నవాడు అందరూ దాన్ని చూస్తూ, చెమటలు కక్కుకుంటూ, గట్టు మీదుగా నడిచి వెళ్ళి, చుట్టూ తిరిగి, ఇళ్ళకి పోతున్నారు. తాతారావుకి మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత ఒళ్ళు మండిపోయేది. ఇన్ని చేతులు కావాలనే కదా ఆయన ఇంటింటికీ తిరిగింది!

బ్యారేజీ నుంచి కాలవలకి నీళ్ళు వదిలారని, రెండు రోజుల్లో ఇక్కడికి చేరతాయని కబురొచ్చింది. జనం ఈలలేశారు. మర్నాడు డెక్క దట్టంగా ఉన్నచోట తాతారావు ఆగిపోయాడు. వెనకవాళ్ళు ఒకరి వీపుకి ఒకరు తగిలి ఆగారు.

"అయ్యా, మీ అందరికీ దణ్ణం పెడతాను," అన్నాడు తాతారావు. "ఇంతమందిమి ఉన్నాం. ఇప్పుడే దిగుదాం. ఒక్క పూట చాలు. ఇది తియ్యకపోతే వచ్చిన నీళ్ళు ఇక్కడే ఆగిపోతాయి. నా పొలం పోతుంది. మీ శివారు పొలాలూ పోతాయి."

సత్యవతమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "అయ్యో బాబుగారూ! మాట్లాడేశారండీ!"

"మాట్లాడితే ఏమైంది? నాకు మొక్కు లేదు మొర్రో! షుగరుంది!"

"విన్నారా?" అన్నాడు బసవపున్నయ్య జనం వైపు తిరిగి. "నియమం తప్పినవాళ్ళు ఇలాగే అంటారు."

పది రోజులుగా మొక్కుకి సాక్ష్యంగా నిలిచిన మాటే ఇప్పుడు అపచారానికి సాక్ష్యమైంది. ఆడవాళ్ళు లెంపలేసుకున్నారు. మైకు ఆపేశారు. ఒకరిద్దరు తాతారావు మీద చెయ్యి చేసుకోబోయి, పెద్దవాడని ఆగారు. ఆయన ఎవరి వంకా చూడకుండా కాలవలోకి దిగి డెక్క లాగడం మొదలుపెట్టాడు. "బాబాయ్, పైకి రండి. జనం చూస్తున్నారు," అని ఏడుకొండలు చెయ్యి చాపాడు. ఆ చేతిలో తాతారావు తడి డెక్క ఓ మోపు పెట్టాడు. ఏడుకొండలు దాన్ని అక్కడే వదిలేసి చెయ్యి తుడుచుకున్నాడు.

అందరూ వెళ్ళాక ప్రభావతి మిగిలింది. చాలాసేపు నిలబడి, కుచ్చెళ్ళు పైకి దోపుకుని ఆవిడా దిగింది.

"నిజంగా షుగరేనా అండీ?" అంది.

"ఎన్నిసార్లు చెప్పాలే?"

"ఆ బూటైనా..."

"జారిపోయిందే, జారిపోయింది."

ఆవిడ వంగి డెక్క లాగింది. పొద్దుగూకేసరికి ఇద్దరూ కలిసి ఇంటి ముందు ముగ్గేసేంత మేర బాగుచేశారు. అది చూసి తాతారావుకి ఏడుపొచ్చింది. చెమటలో కలిసిపోయింది కాబట్టి ప్రభావతి చూడలేదు, లేదా చూడనట్టు ఊరుకుంది.

నీళ్ళు చెప్పిన రోజుకే వచ్చాయి. బసవపున్నయ్య పొలాలు నిండాయి. నీళ్ళు దిబ్బ దాటాయి. డెక్క దాకా వచ్చి నిలబడి, కాసేపు సుడులు తిరిగి, వెనక్కి ఎగదన్ని, పక్కనున్న చిన్న బోదె కాలవలోంచి మురుగుకాలవలో పడి సముద్రానికి వెళ్ళిపోయాయి. అవతల చెరువుపేట వైపు కాలవ అడుగున నెర్రెలు అలాగే ఉన్నాయి.

రెండు ఊళ్ళ జనమూ గట్టు మీద చేరారు. బసవపున్నయ్య గొడుగుతో నీళ్ళు ఆగినచోటు చూపించాడు.

"చూశారా? సరిగ్గా తాతారావు నోరు విప్పినచోట! ఓ జానెడు ఇటు కాదు, అటు కాదు."

అందరూ చూశారు. నిజంగా అక్కడే ఆగాయి. ఇంతకంటే రుజువేం కావాలి? తాతారావు కూడా చూశాడు. ఎదురుగా డెక్క ఊదారంగు పూలు పూసి, నీళ్ళ మీద ఊగుతూ, ఎన్నడూ లేనంత నిండుగా ఉంది. దాని వైపు చెయ్యి చూపించబోయాడు. ఎందుకులే అని చెయ్యి దించేసుకున్నాడు.

నాట్ల కాలం దాటిపోయాక బసవపున్నయ్య పరామర్శకి వచ్చాడు. "అపచారం తగిలిన నేల బావా. ఇంక వరికి అచ్చిరాదు. చేపలకైతే ఆ పట్టింపు లేదు. నాకిచ్చెయ్," అన్నాడు ఎంతో ప్రేమగా.

"మరి చేపలకి నీళ్ళెలా వస్తాయి?" అనడిగాడు తాతారావు.

"కాలవలో డెక్క తీయిస్తాగా! పొక్లెయిన్ పెడితే ఒక్క పూట పని."

ఒక్క పూట అన్న మాట విని తాతారావు ఆయన మొహంలోకి చూశాడు. అందులో వేళాకోళం లేదు. నిజంగానే ఆయనకి ఏమీ గుర్తు లేదు. పాతికేళ్ళు దున్నిన నేల ఆ సంభాషణతో చేపలపాలైంది. ప్రభావతి లోపల్నుంచి మజ్జిగ తెచ్చి, ఒక్క గ్లాసే తెచ్చి, మొగుడికిచ్చి వెళ్ళిపోయింది.

ఆ నెల బందరు వెళ్తే డాక్టరు రిపోర్టు చూసి కుర్చీలోంచి లేచాడు. షుగరు అంతగా దిగింది. "ఏం చేశారో గానీ అదే చెయ్యండి. ముఖ్యంగా ఆ మౌనం వదలకండి," అన్నాడు. తాతారావు తల ఊపాడు. గుర్రపుడెక్క గురించి ఆ రోజు ఏమీ చెప్పలేదు.

మళ్ళీ ఇలాంటి అపచారం జరక్కుండా, నీళ్ళు ఆగినచోట గట్టు మీద 'ఇచ్చట మాట్లాడరాదు' అని బోర్డు పెట్టించాలని పెద్దలు తీర్మానించారు. రాతి స్తంభాలు పాతాలి, లోతుగా గోతులు తవ్వాలి, చాలా పని. ఆదివారం తెల్లారేసరికి రెండు ఊళ్ళ నుంచీ ఇంటికో మనిషి వచ్చాడు. పారలు ఎవరివి వాళ్ళే తెచ్చుకున్నారు.