ఆపిల్ ఫిట్టర్లు

ఆ ఆదివారం పొద్దున నేత్ర వంటింటి గోడకు ఒక కాగితం అంటించింది. పదింటికి పిండి కలపడం, పన్నెండింటికి ఆపిల్ ముక్కలు, ఒంటిగంటకు ఓవెన్, మూడింటికి గ్లేజ్, నాలుగింటికి వీణ మేడం. ఆ చివరి మాట కింద రెండు గీతలు గీసింది.

వీణ బాగేపల్లిలో ఇంటర్ చెప్పే ఒక ప్రైవేటు పీయూ కాలేజీకి ప్రిన్సిపాల్. శుక్రవారం కాలేజీ వార్షికోత్సవం. పిల్లలకు పంచడానికి రెండు వందల మందికి సరిపడా ఏదైనా కావాలి, అయితే నూనెలో వేయించినది కాకూడదు అన్నది ఆమె షరతు. ఏడాదిగా తెలిసినవాళ్ళ పిల్లల పుట్టినరోజులకు కేకులు చేస్తున్న నేత్రకు ఇంత పెద్ద ఆర్డరు వచ్చే అవకాశం దొరకడం ఇదే మొదలు. ఆపిల్ ఫ్రిట్టర్లు చేస్తానని చెప్పింది. ఈస్ట్ వేసి పొంగించిన మైదాపిండిలో దాల్చినచెక్క పొడి పట్టించిన ఆపిల్ ముక్కలు కలిపి, ముద్దలుగా ఓవెన్‌లో కాల్చి, వేడి ఆరకముందే చక్కెర పొడి, పాలు కలిపిన గ్లేజ్ పోస్తే అవి అద్దంలా మెరుస్తాయి. "ముందు రుచి చూపించండి, తర్వాత మాట్లాడుకుందాం" అంది వీణ.

భర్త దేవరాజ్ వేరుశనగ పీకించడానికి పాతపాళ్య పోయాడు. ఇంట్లో మిగిలింది అత్త అక్కమ్మ, మామ మునియప్ప. అక్కమ్మ పిండి గిన్నెలోకి తొంగి చూసి, "నూనెలో వేసుంటే పది నిమిషాల్లో అయిపోయేది కదమ్మా" అంది. మునియప్ప గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఏందమ్మా చేస్తాండావు?"

"ఆపిల్ ఫ్రిట్టర్లు మామా. నాలుగింటికి అన్నీ రెడీ."

మునియప్ప ఆ మాటను రెండుసార్లు లోపలే తిప్పుకుని, దారిలో ఒక అక్షరం జారవిడిచి, వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. అప్పుడే ఎదురింటి పురుషోత్తమ్ మోపెడ్ మీద మార్కెట్టుకు బయలుదేరాడు.

"ఏమన్నా, పొద్దున్నించీ మీ ఇంట్లో సద్దు?"

"ఆపిల్ ఫిట్టర్లంటప్పా. నాలుగింటికి."

పురుషోత్తమ్ మోపెడ్ ఆపలేదు గానీ, సందు మలుపు దాటాక ఆగి ఆలోచించాడు. ఆ వీధిలో కొళాయిలు బాగుచేసే ఒకే ఒక్క ఫిట్టరు పిళ్ళప్ప. అతను ఉగాది తర్వాత అపార్ట్‌మెంట్ల పనికని బెంగళూరు వెళ్ళి, మళ్ళీ కనిపించలేదు. అప్పటినుంచి వీధిలో ప్రతి కొళాయికీ ఏదో ఒక గుడ్డ కట్టి ఉంది. పురుషోత్తమ్ ఇంట్లో అయితే చుక్కలు పడే బకెట్టును రోజుకు మూడుసార్లు ఖాళీ చేయాలి. ఇక ఆపిల్ అంటే ఫోన్ల కంపెనీ అని వాళ్ళ అమ్మాయి సహన రోజూ చెబుతూనే ఉంటుంది. అంత పెద్ద కంపెనీ కొళాయిల పని కూడా మొదలుపెట్టిందంటే అతనికి వింతగా అనిపించలేదు. బాగేపల్లిలో మొదట ఈ వీధికే ఎందుకొస్తున్నారు అన్నది ఒక్కటే అనుమానం. అది తీర్చుకోవడానికి మార్కెట్టు మానుకుని వెనక్కి వచ్చాడు.

నేత్ర వంటింటి కిటికీ దగ్గర చక్కెరను మిక్సీలో పొడి చేస్తోంది. ఆ హోరులో పురుషోత్తమ్ గొంతు పెంచి అడిగాడు.

"నేత్రమ్మా, నాలుగింటికేనా?"

"అవునన్నా."

"మొత్తం ఎంత లెక్క?"

"ఇరవై నాలుగు."

పురుషోత్తమ్ కిటికీ ఊచ పట్టుకున్నాడు. ఇరవై నాలుగు మంది ఫిట్టర్లు. "ముందు ఎవరికమ్మా?"

"ముందు కాలేజీ వీణ మేడంకి. ఆమె బాగుండాదంటే తర్వాత అందరికీ." మామ ఎదురింటాయనకు తన పని గురించి గొప్పగా చెప్పుకున్నాడని నేత్ర సంతోషపడింది. "మీరూ రాండన్నా" అని కూడా అంది.

పిలుపు కూడా అందాక పురుషోత్తమ్ ఒంటరిగా రావడం న్యాయం కాదనుకున్నాడు. ఎడమవైపు మూడిళ్ళకు, కుడివైపు నాలుగిళ్ళకు చెప్పాడు. ఆ ఏడిళ్ళు మిగతా వీధికి చెప్పాయి. ముందు వచ్చినవాళ్ళకు ముందు అన్న మాట ఎవరు కలిపారో తెలియదు. పన్నెండున్నరకల్లా మునియప్ప అరుగు మీద చోటు లేదు. కాగితంలో చుట్టిన కొళాయిలు, విరిగిన పైపు ముక్కలు, ఒకాయన చేతిలో ఏకంగా మోటారు.

"నిజమేనా అన్నా?" అని అడిగారు మునియప్పను.

"మా కోడలు చెప్తే నిజమే" అన్నాడాయన. కోడలి వంటకు ఇంతమంది వస్తారని ఆయన అనుకోలేదు. చేతుల్లో ఆ సామాను ఎందుకో అర్థం కాలేదు గానీ, ఇంటికొచ్చినవాళ్ళను అడగడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

లోపల ఒంటిగంట అయింది. ఎప్పుడూ హాల్లో ఫ్రిజ్ పక్కన ఉండే ఓవెన్‌ను, మేడం వచ్చేసరికి హాలు శుభ్రంగా కనిపించాలని నేత్ర ఆ రోజే వంటింట్లోకి మార్చింది. మిక్సీకని పెట్టించిన చిన్న ప్లగ్గుకే దాన్నీ తగిలించింది. ట్రే లోపల పెట్టి మీట తిప్పిన నాలుగో నిమిషంలో గోడలోంచి చిటపట శబ్దం, నల్లటి పొగ, తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం. ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగి ఆగిపోయాయి.

గిన్నెలో మిగిలిన పిండి మాత్రం ఆగలేదు. మూతను పైకెత్తుతూ ఉంది.

కరెంటు పని తెలిసినవాళ్ళను ఎవరినైనా పిలిపించాలని నేత్ర వీధి వాకిలికి పరుగెత్తింది. తలుపు తీసి అక్కడే నిలబడిపోయింది. అరుగు నుంచి మలుపు దాకా మనుషులు వరసలో ఉన్నారు.

"ఏందన్నా ఇది?"

"మేమేం తొందరపెట్టంలేమ్మా" అన్నాడు పురుషోత్తమ్. "ఫిట్టర్లు వచ్చేదాకా ఉంటాం."

నేత్రకు ఒక్కొక్కటే అర్థమైంది. కిటికీ దగ్గర చెప్పిన ఇరవై నాలుగు అన్నిటికంటే చివర అర్థమైంది. "ఫిట్టర్లు కాదన్నా. ఫ్రిట్టర్లు."

"అదే కదమ్మా మేము అనేది."

ఆమె మామ వైపు చూసింది. "ఏం చెప్పినారు మామా?"

"నువ్వు చెప్పిందే చెప్పినానమ్మా" అన్నాడు మునియప్ప. ఆయన ముఖం చిన్నబోయింది. ఏదో పొరపాటు జరిగిందని ఆయనకు తెలిసింది. అదేమిటో తెలియక, అరుగు మీద తన చోటు కూడా ఇంకొకరికి ఇచ్చి లేచి నిలబడ్డాడు. ఆయన్ను అలా చూసి నేత్రకు ఇంకేమీ అనబుద్ధి కాలేదు.

సరిగ్గా అప్పుడే హార్డ్‌వేర్ అంగడి నాగరాజ్ వరసను తోసుకుంటూ వచ్చాడు. పొద్దున ఇద్దరు కొళాయిలు బేరం చేసి, కంపెనీవాళ్ళు వస్తున్నారని కొనకుండా వెళ్ళిపోయారట. అతను ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా వంటింట్లో ఉన్న అక్కమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఆపిల్ ఫిట్టర్లు యాడుండారు?"

అక్కమ్మ ఓవెన్ చూపించింది. "ఆ డబ్బాలో ఉండాయప్పా. కరెంటు లేక అట్లే పడుండాయి."

నాగరాజ్ వంగి ఓవెన్ తలుపు తీశాడు. ట్రేలో వరసగా పిండిముద్దలు. కాసేపు వాటినీ, మాడిన ప్లగ్గునూ, తలుపు దగ్గర నిలబడిన నేత్రనూ మార్చి మార్చి చూశాడు. అంగట్లో కూర్చునేముందు అతను ఐటీఐలో కరెంటు పని నేర్చుకున్నాడు. "ఇంత పెద్ద ఓవెన్ ఈ ప్లగ్గుకి పెడతారామ్మా?" అన్నాడు. అక్కమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, అంగడి నుంచి పెద్ద స్విచ్‌బోర్డు, మందపు వైరు తెప్పించాడు. రెండున్నరకు ఫ్యాన్లు తిరిగాయి.

టెస్టరు జేబులో పెట్టుకుంటూ బయటికొచ్చిన నాగరాజ్‌ను చూసి వరసంతా లేచింది. "ఫిట్టరు వచ్చినాడప్పా" అన్నారెవరో. అతను కాదనబోయి, వాళ్ళ చేతుల్లోని కొళాయిలు చూసి మానుకున్నాడు. "నేనే ఒక్కో ఇంటికీ వస్తా. ఇండ్లకి పోండి" అన్నాడు. సరేనన్నారు గానీ, ఓవెన్ వాసన మొదలయ్యేసరికి వరస అక్కడే ఉండిపోయింది.

గంటన్నర ఎక్కువగా పొంగిన పిండి దూదిలా అయింది. రెండు ట్రేలు కాల్చి, మూడు ముప్పావుకు ఇరవై నాలుగు ఫ్రిట్టర్ల మీద గ్లేజ్ పోసి, నేత్ర చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. ఆ పావుగంటలో అక్కమ్మ తన ధర్మం తాను చేసింది. పొద్దున్నించీ వాకిట్లో ఉన్నవాళ్ళను ఉత్త చేతులతో పంపడం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయలేదు. తుంచి తలా ఒక ముక్క పంచింది.

నేత్ర వచ్చేసరికి ట్రేలు ఖాళీ. "మేడంకి ఒకటన్నా పెట్టలేదా అత్తా?"

"ఆకలి మీదున్నోళ్ళు తల్లీ. నేను లెక్క పెట్టుకోలే."

నేత్ర స్టూలు మీద కూలబడింది. గోడ మీది కాగితంలో అన్నీ అయిపోయాయి, రెండు గీతల మాట ఒక్కటే మిగిలింది. బయట స్కూటర్ ఆగింది.

వీణ గేటు దగ్గరే ఆగి వరసను చూసింది. వేళ్ళు నాకుతున్నవాళ్ళు, మీసాలకు తెల్లటి గ్లేజ్ అంటుకున్నవాళ్ళు. నేత్ర ఎదురెళ్ళి దాచకుండా చెప్పేసింది.

"మేడం, తప్పయిపోయింది. వీళ్ళంతా కొళాయిల కోసం వచ్చినోళ్ళు. ఫ్రిట్టర్లన్నీ వాళ్ళకే పోయినాయి. మీకు పెట్టేదానికి ఒక్కటీ లేదు."

"కొళాయిల కోసమా?" వీణ పురుషోత్తమ్ వైపు తిరిగింది. "మీ కొళాయి పనైందా?"

"నాగరాజ్ ఇంటికొచ్చి చేస్తానన్నాడు మేడం."

"మరి ఇంకా ఇక్కడున్నారే?"

పురుషోత్తమ్ కాస్త సిగ్గుపడ్డాడు. "ఇంకో ముక్క ఇస్తారేమోనని."

వెనకున్నవాళ్ళు నేల చూపులు చూశారు గానీ ఒక్కరూ కదల్లేదు. నేత్ర అప్పుడు గమనించింది. మోటారు తెచ్చినాయన దాన్ని ఎక్కడో వదిలేసి వచ్చి నిలబడ్డాడు.

వీణ లోపలికి వచ్చి ట్రే అంచున ఎండిన గ్లేజ్‌ను, దానికి అతుక్కున్న ఆపిల్ తునకను వేలితో గీరి నోట్లో వేసుకుంది. మరో మూల కూడా గీరింది. "పోయిన సంవత్సరం తెప్పించినవి సగం మిగిలిపోయినాయి" అంది. "రెండు వందలు కాదు, మూడు వందలు చేయండి. మా లెక్చరర్లు కూడా ఉంటారు."

నేత్ర సరేనని తల ఊపింది. వాకిట్లో ఎవరో మూడు వందలట అన్నారు, ఆ మాట మలుపు దాకా పోయింది.

గురువారం పొద్దున మునియప్ప తనంతట తానే వంటింట్లోకి వచ్చి పీట వేసుకున్నాడు. ఆపిల్ పండ్లన్నీ ఇకమీదట తానే కోసిస్తానన్నాడు. ఆయన కోసిన ముక్కల్లో సగానికి పైగా ఓవెన్ దాకా వచ్చాయి.