పాచి పాఠానికి మార్కులు

ఆ రోజు బడుల పరిశీలకుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లడం, రెండో తరగతిలో పళ్ల శుభ్రత మీద చెప్పే ఆరోగ్య పాఠం వినడం, నాలుగు మంచి మాటలూ రెండు సూచనలూ రాసుకోవడం, భోజనం వేళకు ఆఫీసుకు చేరుకోవడం. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్న మనిషి కాబట్టి పాఠం గురించి పెద్దగా ఆలోచించలేదు. ఆలోచనంతా కుడి దవడ మీదే ఉంది. అక్కడొక పిప్పి పన్ను కొన్నాళ్లుగా సలుపుతోంది. చల్లగాలి తగిలితే చాలు, ప్రాణం జివ్వున లాగుతోంది. అయినా పళ్ల డాక్టరు కుర్చీని తలుచుకున్నప్పుడల్లా ఆ నొప్పి మరీ అంత భరించరానిదేమీ కాదనిపిస్తోంది.

ఆయన భార్య దర్జీ. రొట్టెముక్కను పాలల్లో నానబెట్టి ఒక పక్కనే నములుతున్న భర్తను కుట్టుమిషను వెనక నుంచి కాసేపు గమనించింది.

"ఏమండీ, అటు పక్కే నములుతున్నారేం?"

"అలవాటైపోయింది."

"మొన్నటిదాకా లేదే ఈ అలవాటు."

"ఏ అలవాటైనా ఎప్పుడో ఒకప్పుడు మొదలవ్వాల్సిందేగా" అని ఆయన సంచి భుజాన వేసుకున్నాడు. బుగ్గలో లవంగం దాచుకున్న సంగతి చెప్పలేదు. ఇల్లంతా లవంగం వాసన వేస్తున్నా ఆమె అడగనూ లేదు.

బడి గేటు దగ్గర ప్రధానోపాధ్యాయురాలు ఎదురొచ్చింది. మనిషి మంచిదే కానీ, ఏ చిన్న విషయానికైనా ముందు కంగారుపడి తర్వాత ఆలోచించే రకం. "మీరొస్తున్నారని నీళ్ల ట్యాంకు కడిగిస్తున్నాం సార్" అంది. వరండాలో నడుస్తూ గొంతు తగ్గించింది. "ఈ టీచరమ్మది ఒప్పంద ఉద్యోగం. మీరు బాగుందని రాస్తే వచ్చే ఏడాది కూడా ఉంటుంది. లేకపోతే మా చేతుల్లో ఏం లేదు. పిల్లలకి మాత్రం ఆవిడంటే ప్రాణం."

అలాగేనమ్మా, చూద్దాం అందామనుకున్నాడు పరిశీలకుడు. సరిగ్గా అప్పుడే వరండా చివరి నుంచి గాలి విసురుగా వచ్చింది. తెరిచిన నోరు టక్కున మూసి, పెదాలు బిగబట్టి, మొహం అష్టవంకర్లు తిప్పాడు. ఆయనకు కోపమొచ్చిందనుకుంది ప్రధానోపాధ్యాయురాలు. ఆయన్ని తరగతి గుమ్మం దగ్గర వదిలి, టీచరును పక్కకు పిలిచి చెవిలో ఊదింది. "సారు మంచి మూడ్‌లో లేరు. ఉన్నదంతా చూపించు. ఏదీ దాచుకోకు."

ఆ మాటతోనే అసలు కథ మొదలైంది.

టీచరు చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. బల్ల మీద బుట్టంత సున్నపు దవడ బొమ్మ ఒకటి, దాన్ని తోమడానికి చీపురంత బ్రష్షు ఒకటి పెట్టుకుంది. పరిశీలకుడు చివరి వరసలో పిల్లల బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి ఆనేలా ముడుచుకుని కూర్చున్నాడు.

"నమిలే పళ్ల మీద చిన్నచిన్న గుంటలుంటాయి. తిండి అక్కడ ఇరుక్కుంటుంది. కంటికి కనపడని సూక్ష్మజీవులు దాన్ని తిని, పుల్లటి రసం వదులుతాయి. ఆ రసం పన్నుని తొలుచుకుంటూ పోతుంది. పైకేం కనపడదు. లోపల మాత్రం పని జరిగిపోతూనే ఉంటుంది" అని టీచరు చెబుతోంది.

పాఠం బాగుంది. మాట స్పష్టంగా ఉంది, పిల్లలు కదలకుండా వింటున్నారు. కానీ లోపల జరిగిపోయే పని గురించి ఆమె చెబుతున్నకొద్దీ పరిశీలకుడి పన్ను ఔనౌనన్నట్టు కొట్టుకుంది. ఆయన బుగ్గకు చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

టీచరు చూసింది. సారుకి నిద్రొస్తోందనుకుంది. గొంతు పెంచింది. ఆయన మొహం ఇంకా ముడుచుకుంది. "సార్, మీరేమైనా చెబుతారా?" అని అడిగింది. చెప్పేదేం లేదన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు. బాగాలేదన్నాడని ఆమెకు అర్థమైంది. నిలువునా నీరుకారిపోయింది. తర్వాత బీరువా తెరిచి ఒక డబ్బా తీసింది.

అందులో ఉన్నవి ఎర్రరంగు బిళ్లలు. ఎదురు వీధిలోని పళ్ల డాక్టరమ్మ ఇచ్చింది. నమిలి నాలుకతో పళ్లకు పూసుకుంటే, బ్రష్షు అందనిచోట పాచి ఎర్రగా బయటపడుతుంది. మర్నాడు తల్లిదండ్రులను పిలిచి, వాళ్ల ఎదురుగా చేయించాలని దాచిన డబ్బా అది. ఏదీ దాచుకోవద్దన్న మాట చెవిలో మోగుతుంటే, ఆమె పిల్లలందరికీ తలొకటి పంచేసింది.

"సారుకి ఇవ్వలేదు టీచర్" అంది ముందు వరసలోని పాప. ముందు పళ్లు ఊడి, కొత్తవి ఇంకా రాని బోసినోటి పాప.

తరగతి మొత్తం వెనక్కి తిరిగింది. పాచి అంటే ఈయనకి భయమా అన్నట్టు పిల్లలు చూస్తుంటే పరిశీలకుడు తప్పించుకోలేకపోయాడు. బిళ్ల నోట్లో వేసుకుని మంచి పక్కన జాగ్రత్తగా నమిలాడు. కానీ ఒక చిన్న పలుకు నాలుక మీంచి జారి, వెతుక్కుంటూ వెళ్లినట్టు పిప్పి పన్ను గుంటలోనే పడింది. ఆయనకు లోకం గిర్రున తిరిగింది. కళ్ల నుంచి నీళ్లు బొటబొటా కారాయి. నోరు తెరుచుకుపోయింది.

సరిగ్గా ఆ సమయానికే ప్రధానోపాధ్యాయురాలు కిటికీలోంచి తొంగిచూసింది. ఆమెకు కనిపించింది బుగ్గ పట్టుకుని, కన్నీళ్లు కారుస్తూ, నోరంతా ఎర్రగా తెరుచుకుని కూర్చున్న ప్రభుత్వ పరిశీలకుడు. పరుగున గదికి వెళ్లి ఆయన ఆఫీసుకు ఫోన్ చేసింది. "మీ సారు నోట్లోంచి రక్తం." ఆఫీసు గుమాస్తా ఆయన భార్యకు చేశాడు. "మీవారు రక్తం కక్కుకున్నారటమ్మా." ఈలోగా బడి ఆయా డాక్టరు కోసం వీధిలోకి ఉరికింది. ఆ వీధిలో ఉన్నది పళ్ల డాక్టరమ్మ ఒక్కతే.

తరగతిలో ఇదేమీ తెలియదు. "ఎక్కడెక్కడ ఎర్రబడిందో చూసుకున్నారుగా? ఇక పదండి, తోముకుని కడుక్కుందాం" అని టీచరు పిల్లల్ని వరసగా కుళాయిల దగ్గరికి తీసుకెళ్లింది. కుళాయి తిప్పితే గాలి వచ్చింది. ట్యాంకు ఇంకా కడుగుతూనే ఉన్నారు. అంతలో విరామం గంట కొట్టారు. గంట వినపడ్డాక పిల్లల్ని ఆపడం ఎవరి తరం? అంతమంది ఎర్రనోళ్లు ఆటస్థలంలోకి ఒక్కసారిగా దూసుకెళ్లాయి.

అందరికన్నా ముందు గేటు ఊచలు పట్టుకుని వీధిలోకి చూసి నవ్వింది బోసినోటి పాప. దారినపోయే ఒకావిడ ఆ నవ్వు చూసి నిలువునా కొయ్యబారిపోయింది. ఎర్రటి నోరు, ముందు పళ్లు లేవు. వేరే సాక్ష్యం ఏం కావాలి? కబురు చిలవలు పలవలుగా అల్లుకుంది. బడిలో పిల్లలకి పళ్లు పీకుతున్నారట. రెండో తరగతి మొత్తానికీ పీకేశారట. ఆఫీసు నుంచి ఎవరో పెద్దమనిషి దిగి, వెనక బెంచీలో కూర్చుని, దగ్గరుండి పీకిస్తున్నాడట. ఒక తల్లి పిండి చేతులతో వచ్చింది. ఒక తండ్రి సగం గడ్డం గీసుకుని వచ్చాడు. చూస్తుండగానే గేటు ముందు జనం గుంపుకట్టారు.

"మా పిల్లల పళ్ల మీద మీకేం హక్కుంది?" అని సగం గడ్డం తండ్రి ఒంటికాలి మీద లేచాడు.

ప్రధానోపాధ్యాయురాలు టీచరు వైపు చూసింది. ఉద్యోగం సంగతి అప్పటికే టీచరు మనసులో ముగిసిపోయింది. ఇప్పుడు పరువు కూడా పోయేలా ఉంది. అది చూసి పరిశీలకుడికి ఊరుకోబుద్ధి కాలేదు. ఈ పిల్ల తప్పేం లేదని చెప్పడానికి గేటు దగ్గరికి వెళ్లి నోరు తెరిచాడు. గాలి తగిలింది. మాట బయటికి రాలేదు, మూలుగొక్కటే వచ్చింది. ఎర్రనోరు మాత్రం అందరికీ కనిపించింది.

"అయ్యో, ఈయనవి కూడా పీకేశారే" అని జనం ఒక అడుగు వెనక్కి వేశారు.

ఆ గుంపును తోసుకుంటూ మధ్యాహ్నం అన్నం డబ్బాతో బోసినోటి పాప నాయనమ్మ ముందుకొచ్చింది. మనవరాలి పళ్లు ఎప్పుడో ఇంట్లోనే ఊడాయని ఆవిడకు తెలుసు. తెలియనిది ఆ ఎరుపే.

"ఏంటే ఆ రక్తం?"

"రక్తం కాదు నాయనమ్మా, పాచి. రంగు బిళ్ల వేసుకుంటే కనపడుతుంది. నువ్వు నోరు తెరువు."

"నేనా?"

"తెరువూ."

ఆవిడ తెరిచింది. పాప గేటు ఊచల మధ్య నుంచి మొహం పెట్టి, ఆ మూలా ఈ మూలా పరీక్షగా చూసింది. "బయటి వైపే తోముతున్నావు. లోపలి వైపు ఎవరు తోముతారు? బ్రష్షుని ఏటవాలుగా పెట్టి చిన్నచిన్నగా గుండ్రంగా తిప్పాలి. గట్టిగా రుద్దితే చిగుళ్లు అరిగిపోతాయి. తెలుసా?"

జనంలో కలకలం తగ్గింది. పక్కనే ఇంకో పిల్లాడు ఊచల్లోంచి తండ్రి గడ్డం పట్టుకుని కిందికి వంచాడు. "నాన్నా, నీది పాచి కూడా కాదు, గార కట్టేసింది. దానికి డాక్టరే కావాలి." ఆ తండ్రి సగం గడ్డంతో నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. కాసేపటికి గేటుకు అటు పక్క పెద్దవాళ్లంతా వంగి నోళ్లు తెరిచి నిలబడ్డారు. ఇటు పక్క పిల్లలు ఒక్కొక్కరినీ తనిఖీ చేస్తున్నారు.

పరిశీలకుడు ఆ దృశ్యం చూస్తూ నిలబడిపోయాడు. ఆయన రాసే నివేదికలో చివరి అంశం ఒకటి ఉంటుంది: పాఠం వల్ల కలిగిన మార్పు. ఇన్నేళ్లలో ఎన్ని పాఠాలు విన్నాడో, అన్నిటికీ అక్కడ ఆశాజనకం అని రాసి సంతకం పెట్టాడు. అది అబద్ధమేం కాదు. మార్పు అనేది తను బస్సెక్కి వెళ్లిపోయాక, ఏ ఇంట్లోనో ఏ కుళాయి దగ్గరో జరిగే విషయం. జరిగిందో లేదో చూడాలంటే ఆగాలి. ఆగడానికి ఎప్పుడూ తీరలేదు. ఇవాళ వెళ్లలేని స్థితిలో ఉన్నాడు కాబట్టి కనిపించింది. మరి ఇన్నాళ్లూ తను వేసిన మార్కులు దేనికి వేసినట్టు? గొంతుకా, బోర్డు మీది దస్తూరీకా? ఈ ఆలోచన పన్నుకన్నా లోతుగా గుచ్చుకుంది.

అప్పుడే కొలత టేపు మెడలోనే వేలాడుతుండగా ఆయన భార్య ఆటో దిగింది. వెనకే సంచి పట్టుకుని పళ్ల డాక్టరమ్మ వచ్చింది. గుంపులో ఎర్రనోళ్లను చూడగానే డాక్టరమ్మకు సంగతి అర్థమైపోయింది. "ఇవి నేనిచ్చిన బిళ్లలే. ఎవరికీ ఏం కాలేదు, కంగారుపడకండి" అని అందరికీ వినపడేలా చెప్పింది. తర్వాత పరిశీలకుడి దగ్గర ఆగింది. "మీ బుగ్గ వాపు మాత్రం రంగు వల్ల వచ్చింది కాదు."

"అలవాటు వల్ల వచ్చింది డాక్టరుగారూ" అంది భార్య.

ఆయన నేల చూపులు చూశాడు. ఈసారి పిల్లలంతా ఆయన చుట్టూ మూగారు. "భయమా సార్?" అని బోసినోటి పాప అడిగింది. వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "తొందరగా వెళ్తే తక్కువ నొప్పి అని టీచరు చెప్పింది."

ఆయన డాక్టరమ్మ వెంట వీధి దాటాడు. కుర్చీలో కూర్చున్నాక తెలిసిందేమిటంటే, పన్ను పీకనక్కర్లేదు, వేరు శుభ్రం చేస్తే నిలుస్తుంది. ఇంకొన్నాళ్లు దాచి ఉంటే పీకాల్సి వచ్చేదట.

తిరిగి వచ్చేసరికి తరగతి ఖాళీగా ఉంది. టీచరు సున్నపు దవడను గుడ్డతో తుడుస్తోంది. అదే చివరిసారి అన్నట్టు ఒక్కో పన్నూ నెమ్మదిగా తుడుస్తోంది. ఆయన ఎదురుగా నిలబడి చెప్పదలుచుకున్నది చెప్పాడు. కానీ మత్తు దిగని మూతిలోంచి మాటలు ముద్దముద్దగా వచ్చాయి.

"ఏమన్నారు సార్?" అందామె భయంగా.

"పాఠం చాలా బాగుందంటున్నారమ్మా" అంది గుమ్మంలో నిలబడ్డ భార్య. "ఆయన ఇంత స్పష్టంగా ఎవర్నీ మెచ్చుకోగా నేను వినలేదు."

టీచరు ఆ దవడను ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూలబడిపోయింది. ఏడ్చిందో నవ్విందో ఆమెకే తెలియదు.

ఆ సాయంత్రం పరిశీలకుడు చివరి అంశం కింద ఆశాజనకం అని రాయలేదు. నాయనమ్మ నోరు, సగం గడ్డం, తన పన్ను, అన్నీ కలిపి ఒక పేజీ రాశాడు. ఉద్యోగంలో చేరాక అంత మనస్ఫూర్తిగా ఏదీ రాయలేదు. కొద్ది రోజులకు పై అధికారి ఆయన్ని పిలిచి ఆ నివేదికను ముందుకు తోశాడు.

"ఇది చెల్లదండీ. పరిశీలకుడు పాఠంలో పాల్గొనకూడదు. మీరు బిళ్ల నమిలారు."

"నమలకపోతే మార్పు కనిపించేది కాదు సార్."

"మార్పు కనిపించాలని నిబంధనల్లో లేదు. పాల్గొనకూడదని ఉంది. మళ్లీ వెళ్లి, ఇంకో పాఠం చూసి రండి. లేకపోతే ఆ అమ్మాయి ఒప్పందం పొడిగించడం కుదరదు."

ఆయన మళ్లీ వెళ్లాడు, మళ్లీ చివరి బెంచీలో ముడుచుకుని కూర్చున్నాడు, మళ్లీ రాశాడు. రెండో నివేదిక ఏ అభ్యంతరమూ లేకుండా చెల్లింది, టీచరు ఉద్యోగం నిలిచింది. పరిశీలకుడు పాఠంలో పాల్గొన్నాడనడానికి ఈసారి ఏ ఆధారమూ దొరకలేదు. ఆ రోజు పాఠం గోళ్ల శుభ్రత గురించి, ఆయన మొదటి నుంచి చివరిదాకా చేతులు జేబుల్లోంచి తీయలేదు.