మీటరు దూరంలో మావయ్యగారు

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫర్నిచర్ షాపు యజమానురాలు వస్తుంది, ఫోన్ పట్టుకుని తిరుగుతుంది, ఏ వస్తువుకు మీటరు దూరంలోకి వెళితే ఆ వస్తువు గురించి ఫోన్ చెబుతుంది, ఆవిడ మెచ్చుకుని ఉద్యోగం ఖాయం చేస్తుంది. ఇందుకోసం ప్రతి వస్తువుకూ, నేనిక్కడున్నానని ఫోన్‌కి సిగ్నల్ పంపే బొత్తాం అంత బ్లూటూత్ బీకన్ అతికించి, మీటరు దూరంలో దాని సిగ్నల్ ఎంత ఉంటుందో నిన్నంతా కొలిచి, ఆ అంకెలు ఫోన్‌లోకి ఎక్కించాడు.

అతన్ని ఇక్కడ చేర్పించింది షాపు మేనేజరు, అంటే పిల్లనిచ్చిన మావగారు. ఆయనకు అల్లుడి మీద ప్రేమే గాని నమ్మకం లేదు. అందుకే నిన్న కొలతలు తీసినంతసేపూ టేపు పట్టుకుని, బీకన్‌కీ ఫోన్‌కీ మధ్య తన భారీ విగ్రహాన్ని నిలబెట్టి పర్యవేక్షించారు.

"ఇందులో తేడా వస్తే నా పరువు పోతుంది బాబూ," అని మాటిమాటికీ గుర్తు చేశారు.

మేడం వచ్చి భోజనాల బల్ల ముందు ఆగింది.

"ఇందులో మీ చెప్పులు చక్కగా సర్దుకోవచ్చు," అంది ఫోన్. చెప్పుల స్టాండు ఎక్కడో ఆ మూల ఉంది.

"బల్ల మీద చెప్పులా?" అంది మేడం.

అల్లుడు లాప్‌టాప్ తెరిచి చూస్తే నిన్న పెట్టిన అంకెలు పెట్టినట్టే ఉన్నాయి. ఈలోగా ఆవిడ నిలువుటద్దం ముందుకు వెళ్లి జుట్టు సవరించుకుంది.

"ముడతలు పడ్డాయా? పాతదాన్ని వదిలించుకోండి," అంది ఫోన్, అవతలి వరసలోని పరుపు తరఫున.

గుమ్మం దగ్గరున్న మావగారు పరుగెత్తుకొచ్చారు. "మిమ్మల్ని కాదండి మేడం, పరుపుని," అంటూ ఆవిడకీ పరుపుకీ మధ్య నిలబడి చేతులు జోడించారు. వెంటనే ఫోన్, "ఈ అద్దంలో మీ అందం..." అని మొదలెట్టింది. ఆయన సిగ్గుపడి పక్కకు తప్పుకున్నారు. ఫోన్ మళ్లీ ముడతల దగ్గరికి వచ్చింది.

అల్లుడికి ఉన్న మతి కాస్తా పోయి, ఆ వెంటనే తిరిగొచ్చింది.

"మావయ్యగారూ, ఒకసారి మళ్లీ అడ్డం రండి."

వచ్చారు. అద్దం మాట్లాడింది.

"ఇప్పుడు జరగండి."

పరుపు అందుకుంది.

"నన్ను ఆడిస్తున్నావా?" అన్నారు మావగారు.

"నిన్న కొలిచేటప్పుడు మీరు మధ్యలో ఉన్నారు కదండీ. మనిషి ఒళ్లు సిగ్నల్‌ని మింగేస్తుంది. మిమ్మల్ని దాటుకుని వచ్చిన ఆ నీరసం సిగ్నలే మీటరు దూరానికి గుర్తని ఎక్కించేశాను. మీరు లేకపోతే ఆ మాత్రం సిగ్నల్ ఆ మూల నుంచి కూడా వస్తుంది. దాంతో దూరంగా ఉన్నవి కూడా మీటరు లోపే ఉన్నాయనుకుని, ఏది ముందు దొరికితే దాని గురించి చెప్పేస్తోంది ఫోన్."

"అంటే తప్పెవరిది?" అంది మేడం.

మావగారు నేల చూపులు చూశారు. అల్లుడికి ఉద్యోగమూ కావాలి, ఇంట్లో శాంతీ కావాలి.

"నాదేనండి. పెద్దాయన్ని జరగమనడానికి మొహమాటపడ్డాను."

"తప్పు కనిపెట్టావు, ఒప్పుకున్నావు కూడా. నీ ఉద్యోగం ఖాయం," అంది మేడం. "మళ్లీ కొలిచేదాకా మాత్రం మేనేజరుగారిని అడ్డం పెట్టుకుని నడిపించు. బయట జనం ఎదురుచూస్తున్నారు."

ఆ రోజంతా మావగారు మంచినీళ్లకు వెళ్లాలన్నా అల్లుణ్ణి అడిగే వెళ్లారు.