నీలం తలుపు ముందు వరస

బ్యాంకు సెలవు సోమవారం, దేశమంతా ఆటవిడుపే. పైగా వాన లేదు. డాఫ్నీ పొద్దున్నే శాండ్‌విచ్‌లు కట్టేసి, "ఈ ఏడైనా ఆ పడవ ఎక్కిస్తావా, లేదా?" అని మొగుణ్ణి నిలదీసింది. పెళ్లయిన దగ్గర్నుంచీ మార్ల్‌ఫోర్డ్ వెళ్లిన ప్రతిసారీ కుండపోతే. నదిలో పడవ షికారు ఆమెకు తీరని కోరికగా మిగిలిపోయింది. రేవులో టికెట్లు కొనే పూచీ నాదని క్లెమెంట్ గొప్పగా మాటిచ్చాడు.

మార్ల్‌ఫోర్డ్ సంతలో ఇసకేస్తే రాలడం లేదు. పాత సంతభవనం దగ్గరకు రాగానే డాఫ్నీ బాత్రూం వెతుక్కోవాల్సి వచ్చింది.

"క్లెమ్, ఇదిగో, ఈ నీలం తలుపు ముందే ఉండు. కదిలావంటే ఈ జనంలో నిన్ను పట్టుకోవడం నా తరం కాదు."

క్లెమెంట్ మూసి ఉన్న తలుపు ముందు బుద్ధిగా నిలబడ్డాడు. కాసేపటికి కుక్కపిల్లను చంకనెత్తుకున్న ఒకావిడ వెనక చేరింది.

"ఇది వరసేనాండీ?"

కాదంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందేమోనని అతనికి మొహమాటం. "అయ్యుండొచ్చండీ" అన్నాడు.

ఇద్దరు ఒకరి వెనక ఒకరు నిలబడితే మార్ల్‌ఫోర్డ్‌లో మూడోవాడు ఊరికే పోతాడా! వరస చర్చి గేటు దాకా సాగింది. లోపల చీజ్ చవగ్గా ఇస్తున్నారని ఒకరు, కాదు, గంటల గోపురం ఎక్కనిస్తారని మరొకరు.

డాఫ్నీ తిరిగొచ్చింది. రమ్మని క్లెమెంట్ చెయ్యి ఊపాడు. వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గుకు అర్థం తెలిసిన మనిషి కావడంతో ఆమె మొహం ఎర్రబడింది.

"మధ్యలో దూరే రకాన్ని కాదు నేను!" అని అందరికీ వినబడేలా అని, వెళ్లి చర్చి గేటు దగ్గర చివర నిలబడింది.

ఇలాగైతే పడవ దక్కదని క్లెమెంట్‌కి కంగారు పుట్టింది. ధైర్యం చేసి వెనక్కి తిరిగాడు. "క్షమించాలండీ, ఇక్కడేమీ లేదు. నేను మా ఆవిడ కోసం నిలబడ్డానంతే."

"అబ్బో! మమ్మల్ని పంపేసి మొత్తం మీరే కొట్టేద్దామనా?" అంది కుక్కపిల్లావిడ. "ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధండీ!"

క్లెమెంట్‌కి తల కొట్టేసినట్టయింది. వరసలోంచి తప్పుకుని, డాఫ్నీని లాక్కుని రేవు వైపు నడిచాడు.

"దేనికోసమో తెలీకుండా ముందు నిలబడ్డావా?"

"నువ్వు తెలీకుండా వెనక నిలబడలేదూ?"

రేవులో టికెట్ల గది మూసి ఉంది. తలుపు మీద అట్టముక్క వేలాడుతోంది: 'మరమ్మతుల వల్ల నేటి పడవ టికెట్లు సంతభవనం నీలం తలుపు వద్ద ఇవ్వబడును.' డాఫ్నీ రెండుసార్లు చదివింది. శాండ్‌విచ్‌ల పొట్లం చంకలో బిగించి సంత వైపు తిరిగింది. తిట్టినా బాగుండునని క్లెమెంట్ ప్రాణం ఉసూరుమంది.

పరుగున వెనక్కి వస్తుంటే కుక్కపిల్లావిడ టికెట్లతో ఎదురైంది. "మీరన్నట్టు పెద్దగా ఏమీ లేదులెండి. నాకొక సీటు, దీనికొక సీటు."

ఇద్దరూ వరస చివర నిలబడ్డారు. తలుపు దాకా చేరేసరికి లోపలి మనిషి తల బయట పెట్టి, "పడవ నిండిపోయిందండీ. ఈ ఏడాదికి ఇదే ఆఖరిది" అని తలుపేసుకున్నాడు. జనం చెదిరిపోయారు. డాఫ్నీ ఆ గుమ్మం మీదే చతికిలబడి పొట్లం విప్పింది. క్లెమెంట్ పక్కన ఒదిగి కూర్చుని, తన వాటాలోని గుడ్డు శాండ్‌విచ్ కూడా ఆమెకే ఇచ్చాడు. ఆమె కాదనకుండా తీసుకుంది.

ఇంతలో ఒక కొత్త జంట వచ్చి వాళ్ల పక్కన మర్యాదగా ఆగింది. "ఇది వరసేనాండీ?"

"అవునండీ," అంది డాఫ్నీ నమలడం ఆపకుండా, "వచ్చే ఏడాది పడవకి."