వెర్లా వదిన కిడ్నీ జామ్

ఆ ఉదయం ఓరిన్ పెట్టుకున్నది చిన్న పని. రెండు బ్రెడ్డు ముక్కలకు ద్రాక్ష జెల్లీ రాసుకుని ప్రశాంతంగా తినాలి. అతని కిడ్నీలు సగం మూలపడ్డాయి. జెల్లీ కొంచెం తినొచ్చు గానీ అరటి, నారింజ, ఎండు ఆప్రికాట్ జోలికి పోతే పొటాషియం పెరుగుతుందని ఆస్పత్రిలో పథ్యం చెప్పే అమ్మాయి కచ్చితంగా చెప్పింది. ఈసారి రక్తపరీక్షలో అది పెరిగితే సరస్సు దగ్గరి తన గుడిసెకు వెళ్ళడం ఈ ఏడాదికి మర్చిపొమ్మన్నాడు డాక్టరు.

జెల్లీ మూత తీసేలోపే భార్య అక్క వెర్లా ఆరు సీసాలతో దిగబడింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి.

"చక్కెర విషం, మరిదీ," అంటూ జెల్లీని చెత్తబుట్టలో పడేసింది. "ఇది తిను. అరటి, నారింజ, ఎండు ఆప్రికాట్. కిడ్నీలు కడిగేసినట్టయిపోతాయి."

వద్దంటే సరిపోయేది. కానీ ఉత్తర మిన్నెసోటాలో ముఖం మీద వద్దనడం దొంగతనం కన్నా నీచం. "బాగుంది వదినా," అన్నాడు ఓరిన్.

జామంతా పక్కింటి డ్యూయీకి ఇచ్చేశాడు. అతను ఎలుగుబంటి వేటకు అడవిలో తీపి ఎర పెడతాడు. ఇంకొకరి సీసాలు ఉంచుకోవడం మర్యాద కాదు కనుక ఓరిన్ వాటిని కడిగి వెర్లాకు తిరిగి పంపాడు. నాలుగు రోజుల్లో ఖాళీ చేశాడని వెర్లా మురిసిపోయి పన్నెండు తెచ్చింది. అవీ కడిగి పంపాడు. ఇరవై నాలుగు వచ్చాయి. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"నోరు తెరిచి చెప్పొచ్చుగా?" అంది భార్య ఆర్లిస్.

"మీ అక్కేగా, నువ్వు చెప్పు."

"నాకెందుకు? క్రిస్మస్‌కి తన ఎదురుగా కూర్చోవాల్సింది నేను."

రక్తపరీక్షలో పొటాషియం అదుపులోనే ఉందని తేలింది. అక్కడే మునిగింది కొంప.

ఆదివారం చర్చి హాల్లో అందరూ కాఫీ తాగుతుంటే వెర్లా లేచింది. "మా మరిదిని నిలబెట్టింది నా జామే," అని ప్రకటించి, డయాలసిస్ మీదున్న ముసలి హార్లన్ చేతిలో ఒక సీసా పెట్టింది. ఆయన చిరునవ్వుతో మూత తిప్పి, చెంచా నిండా తీశాడు. ఇప్పుడూ మర్యాద పాటిస్తే ఒక ప్రాణం మీదికొస్తుందని ఓరిన్‌కు తెలుసు.

"హార్లన్, తినకు. మన కిడ్నీలకి అది పడదు," అన్నాడు గట్టిగా. "వదినా, నేను ఒక్క చెంచా కూడా తినలేదు. మొత్తం ఎలుగుబంటి తింది."

వెర్లా డ్యూయీ వైపు తిరిగింది. "నిజమేనా?"

డ్యూయీ కప్పులోకి చూస్తూ, "దానికి చాలా నచ్చిందండీ," అన్నాడు.

ఆమె కోటు తీసుకుని వెళ్ళిపోయింది. హార్లన్ చెంచా కింద పెట్టాడు. "తినకూడదని నాకూ తెలుసు బాబూ. ఆవిడ అంత ప్రేమగా ఇస్తే వద్దని ఎలా అనను?"

ఇలాంటి ఊరు బాగుపడదని ఓరిన్‌కు రూఢి అయింది. ఆ సాయంత్రమే చర్చి ఆడవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు వెర్లాకు ఫోన్ చేసి, ఓరిన్‌కు రుచి తెలియదనీ, తమకు మాత్రం ఆ జామంటే ప్రాణమనీ ఓదార్చారు.

శుక్రవారం ఓరిన్ సరస్సుకు బయలుదేరి ఊరు దాటుతూ చూస్తే, ప్రతి గుమ్మం ముందూ వెర్లా జామ్‌తో నిండిన డజను సీసాలున్నాయి.