దుంపకు మంజూరైన సెలవు

సెలవుల విభాగం సూపరింటెండెంటు గారు తమ ఇరవై రెండేళ్ళ సర్వీసులో తొలిసారిగా ఒకరికి సెలవు మంజూరు చేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. సెలవు పొందినది ఒక పూలకుండీ.

ఆయన సామాన్యుడు కాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని ప్రేమగా మొండిచెయ్యి గారు అంటారు. టైపిస్టు జ్వరమొచ్చి సెలవడిగితే, ఆ జ్వరం ఏయే వేళల్లో వస్తోందో విడివిడిగా రాసిమ్మన్నారు. ఆఫీసు మూసేశాక వచ్చే జ్వరానికి సెలవెందుకని ఆయన ధర్మసందేహం. నిజమే మరి. ఆయనలో ఇంకో సుగుణం, ఏ కాగితాన్నీ వెనక్కి తిప్పకపోవడం. కాదనడానికి కావలసినంత ముందువైపే దొరుకుతుంటే వెనకవైపు చదవడం దండగని ఆ విభాగంలో తరతరాలుగా స్థిరపడిన అభిప్రాయం.

అటువంటి మహానుభావుడి చేతిలో పెద్ద అధికారి, ఆరు నెలల శిక్షణకు వెళ్తూ, తన కల్లా లిల్లీ కుండీని పెట్టారు. పొట్లం చుట్టినట్టు ఒకే ఒక తెల్లరేకు, దాని నడుమ పసుప్పచ్చని కాడ, చుట్టూ వెడల్పాటి ఆకులు.

"జాగ్రత్తండోయ్. మీ ప్రమోషను ఫైలు నా బల్ల మీదే ఉంది. వచ్చాక రెండూ కలిపి చూస్తాను," అన్నారు అధికారి. పెంపకం వివరాలు రాసిన కాగితం కూడా ఇచ్చారు.

వెలుతురు ఉండాలి, మండుటెండ తగలకూడదు. మట్టి తడిగా ఉండాలి, నీళ్ళు నిలవకూడదు అని ఉంది కాగితం ముందువైపు. అచ్చం సర్కారు ఉత్తర్వులా ఉండేసరికి, దీన్ని అమలు చేయాల్సింది కిందివాళ్ళని ఆయనకు ఇట్టే బోధపడింది. ఇంట్లో తల్లిగారిది ఆయనకన్నా పై హోదా. కింద మిగిలింది భార్య ఒక్కతే.

ఆ ఇల్లాలు పొద్దున కుండీని తూర్పు కిటికీ దగ్గర పెట్టేది, ఎండ ముదిరితే ముందుగదిలోకి, మధ్యాహ్నం పడమటి వసారాలోకి మోసేది. తడిమట్టి కుండీ పెద్ద బిందె అంత బరువు. పది నెలలుగా ఆమెకు నడుం నొప్పి. మొగుడు పట్టించుకోలేదంటే కళ్ళు పోతాయి. డాక్టరు చీటీలో ఉన్న మాత్రలన్నీ ఆయనే స్వయంగా తెచ్చారు. ఆ తర్వాత చీటీని మడిచి, కుండీ కింది స్టూలు ఊగకుండా దాని కాలి కింద దోపింది కూడా ఆయనే.

రెండో నెలలో పువ్వు వాడింది. ఆకులు పండి ఒరిగిపోయాయి. ఆయనకు ముద్ద దిగలేదు.

"నీళ్ళు పొయ్యవే! ఇంకా పొయ్యి!"

"ఆడదానికి శ్రద్ధుంటే ఎందుకు ఎండుతుందిరా?" అన్నారు తల్లిగారు. ఇరుగుపొరుగు వచ్చి పరామర్శించి కాఫీ తాగి వెళ్ళారు. ఆ కాఫీలు ఎవరు కలిపారో తమరికి తెలిసిందే.

గ్లాసులు కడిగొచ్చి భార్య నెమ్మదిగా అడిగింది. "ఆ కాగితం వెనక్కి తిప్పి చూశారా?"

వెనకవైపు ఇలా ఉంది: పూసిన తర్వాత ఆకులు పండుతాయి. మొక్క చావలేదు, అలిసింది. నీళ్ళు మానేసి, మట్టిలోని దుంపను చల్లని చీకటిగదిలో రెండు నెలలు వదిలేయండి. విశ్రాంతి లేకపోతే మళ్ళీ పూయదు.

"అయ్యో పాపం, ఎంత అలిసిపోయిందో!" అని సూపరింటెండెంటు గారు కళ్ళు తుడుచుకున్నారు. తక్షణం వెనకగది ఖాళీ చేయించి, కుండీని అందులో పెట్టించి, తలుపుకు సంతకంతో సహా బోర్డు తగిలించారు: విశ్రాంతిలో ఉన్నది. పిలవరాదు, తలుపు తట్టరాదు, ఏమీ అడగరాదు. గిన్నెలు చప్పుడు కాకుండా తోమమని భార్యను హెచ్చరించారు.

ఆమె చేయి కడుక్కుని, ఖాళీ స్టూలు కింద నుంచి చీటీ లాగి ఆయన ముందు పెట్టింది.

"ఇది కూడా కాస్త తిప్పండి."

బరువులెత్తరాదు. రెండు నెలలు పూర్తి విశ్రాంతి. లేకుంటే మనిషి మంచం పడుతుంది. అలా డాక్టరు రాసి పది నెలలైంది.

ఆయన గొంతు సవరించుకున్నారు. "అది సరేగానీ... ఉన్నపళంగా అంటే ఎలా? ఇంట్లో పనెవరు చూస్తారు? వచ్చే ఏడాది చూద్దాంలే."

ఇరవై రెండేళ్ళుగా టైపిస్టులు విన్న మాటే. టైపిస్టులు ఏడ్చి సీటుకు వెళ్ళేవారు. ఈమె ఏడవలేదు, దుప్పటీ దిండూ తీసుకుని వెనకగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

"నన్ను పూటపూటా చోటు మార్చక్కర్లేదు," అంది లోపలి నుంచి. "అన్నం వండాక చెప్పండి, వచ్చి తింటా."

ఆయన తలుపు బాదబోయి, ఎదురుగా తన దస్తూరీ చూసి చెయ్యి దించేసుకున్నారు. సొంత సంతకాన్ని ధిక్కరించడం ఆయన సర్వీసులో లేదు.

కబురు తెలిసి మళ్ళీ జనం వచ్చారు. మనిషి గాలి తగిలితే దుంప పాడవదూ అని తల్లిగారు, గురక పెడితే దానికి నిద్రాభంగం కాదూ అని పక్కింటివారు, అధికారికి తెలిస్తే ప్రమోషను గతేమిటని ఆఫీసువారు ఆందోళన పడ్డారు. ఆమె నడుం ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు.

తమరు మాత్రం ఏం తక్కువ? ఇంతదాకా చదివింది ఆ మొక్క చివరికి ఏమైందో తెలుసుకుందామనే కదా. కంగారు పడకండి, అది నిక్షేపంగా ఉంది.